రంగుసుద్దతో ప్రాణికోటిని కొలిచిన చిత్రకారుడు



బుస్సీ యను పేరు వినగానే మన పెద్దలకు బొబ్బిలికోట స్ఫురించును. 1757వ సంవత్సరమున విజయనగర ప్రభువుల పక్షమున ఫిరంగులతో వచ్చి యా కోటను ముట్టడించిన ఫ్రెంచి సేనాని పేరది. తాండ్ర పాపయ్య కథ పాడువారి నోట ఆ పేరు మన పల్లెపల్లెకును ప్రాకినది. నేడు నేను మీకు చెప్పదలచినది వేఱొక బుస్సీని గూర్చి. ఇతడును ఫ్రెంచివాడే, కాని యితని చేత ఫిరంగి లేదు, కత్తి లేదు, వ్రేలెడు పొడవుగల రంగుసుద్ద మాత్రమే యుండెను. ఆ సుద్దతో నితడు తన జీవితమున నుత్తరార్ధ మంతయు పక్షులను, చేపలను, బల్లులను, పాములను, పురుగులను చిత్రించుచు గడపెను. ఇతని పేరు సైమన్ బుస్సీ.

సుద్దతో నాకును చిరపరిచయము కలదు. ముప్పదియైదేండ్లు నల్లబల్లమీద సుద్దముక్కతో నక్షరములు వ్రాసినవాడను. సాయంకాలము బడి విడిచి యింటికి బోవునప్పటికి నా యుత్తరీయమే గాక మీసము గూడ తెల్లబడి యుండెడిది. ఒకడు సుద్దతో బొమ్మలు వ్రాసి గొప్ప చిత్రకారు డయ్యెనని తొలుత విన్నపుడు నాకు నవ్వు వచ్చినది. ఆ నవ్వు తరువాత సిగ్గుగా మాఱినది. దాని కారణమును చివర మనవి చేసెదను.

పాశ్చాత్యు లీ రంగుసుద్దను పాస్టెలు అందురు. ఇటలీ భాషలో ముద్ద యను నర్థము గల మాటనుండి యీ పేరు పుట్టినది. పేరునకు దగినట్లే దీనిని చేయుట మన యిండ్లలో పిండి కలుపుటవంటి పని. రంగుపొడిని మెత్తగా నూఱి, తెల్లసుద్దతో గలిపి, పలుచని బంకనీటితో ముద్దచేసి, చేతితో నొత్తి కడ్డీలుగా జేసి యారబెట్టుదురు. బంక హెచ్చయినచో కడ్డీ రాయివలె బిగిసి కాగితమును గీరును. తక్కువయినచో వ్రేళ్ల నడుమనే పొడి యగును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క కొలత. కావిమన్నునకు వలసిన పాలు నీలికి సరిపడదు. పూర్వము హరిదళము, ఇంగిలీకము, సీసపు తెలుపు మున్నగు విషద్రవ్యములను గూడ నిట్లే నూఱెడివారు. కావున దీనిని చేయువాడును, దీనితో వ్రాయువాడును ఆ ధూళిని పీల్చకుండ జాగ్రత్తపడవలసి యుండెడిది.

నూనె రంగులకును దీనికిని గల భేదము తెలిసికొనదగినది. నూనె రంగులలో రంగుపొడి నూనెలో మునిగి యుండును. వెలుతురు ఆ నూనెలోనికి జొచ్చి పోవుటచే రంగు గాఢమై నిగనిగలాడును. పాస్టెలులో నూనె లేదు. రంగు రేణువులు కాగితపు గరుకును పట్టుకొని విడివిడిగా నిలుచును. వెలుతురు వానిపై బడి నలుదిక్కులకు చెదరును. సీతాకోకచిలుక ఱెక్కమీది పొడికి గల మృదుకాంతి దీనికి గలుగుట యిందువలననే. ఆ ఱెక్కను పట్టినచో పొడి మన వ్రేళ్ల కంటుకొనును గదా! ఈ చిత్రము గతియు నంతే. ఉత్తరీయపు కొంగు తగిలినను చెఱగును. జిగురునీటిని సన్నని తుంపరగా చిమ్మి దీనిని నిలుపవచ్చును గాని, అట్లు చేసినచో రంగు కొంత నల్లబడును. అందుచే చిత్రమునకు తగులకుండ కొంచెము సందు విడిచి యద్దము బిగించి కాపాడుదురు. మన యిల్లాండ్రు తెల్లవాఱుజామున వాకిట దీర్చు ముగ్గు ఈ జాతిదే. కాని ముగ్గు మఱునాటికి మాయుటకే పుట్టినది. ఇది తరతరములు నిలువవలెనని వ్రాయబడును.

మఱియొక కష్టము గలదు. నీటిరంగులనైనను నూనెరంగులనైనను పళ్లెములో గలిపి వలసిన ఛాయను చేసికొనవచ్చును. కడ్డీల నట్లు కలుపుట కుదరదు. ఒక రంగుపై నొకటి రుద్దినచో రెండుమూడు పూతలవఱకు అందముగానే యుండును. ఆ పైని కాగితపు గరుకు నిండిపోయి రంగు పట్టదు. చిత్రము బురదవలె నగును. కావున పాస్టెలు చిత్రకారుని పెట్టెలో ఆకుపచ్చ యొక్కటే చాలదు; లేత మామిడియాకు పచ్చ, ముదురు చింతాకు పచ్చ, చిలుకపచ్చ, నాచుపచ్చ, అన్నియు వేఱువేఱు కడ్డీలుగా నుండవలెను. ఏది తీయవలెనో చేయి చాచకముందే కన్ను నిర్ణయింపవలెను. తొందరపడువాని కీ విద్య పట్టుపడదు.

ఈ సుద్దను గౌరవస్థానమున నిలిపినవారిలో ముఖ్యురాలు వెనిసు నగరమునకు జెందిన రోసల్బా కరియేరా యను వనిత. ఆమె 1720వ సంవత్సరమున పారిసు నగరమునకు బోయి, రాజకుటుంబమువారి చిత్రములు వ్రాసి, అచ్చటి రాజకీయ చిత్రకళా పరిషత్తున సభ్యత్వమును బడసెను. బొబ్బిలి పడిన 1757వ సంవత్సరముననే, చూపు పోయిన ముదుసలియై, ఆమె గతించెను. ఆమెయు, ఆమె తరువాతివారును పాస్టెలును ముఖ్యముగా మనుష్యుల ముఖములు వ్రాయుటకే వాడిరి. చెక్కిలిపై నునుపు, పట్టుబట్టపై మెఱపు, కురులపై బొడి, ఇవి సుద్దకు చక్కగా లొంగును. బల్లి వీపునకును, కొంగ ముక్కునకును ఆ మర్యాద చేసిన వాడు బుస్సీ.

ఇతడు 1870వ సంవత్సరమున ఫ్రాన్సుదేశపు తూర్పుభాగమున డోల్ అను పట్టణమున, చెప్పులు కుట్టు వృత్తిగల కుటుంబమున జనించెను. వెఱ్ఱికుక్క కాటునకు మందు కనిపెట్టిన లూయీ పాశ్చరు పుట్టినదియు నీ యూరనే. పాశ్చరు తండ్రి తోళ్లు పదును చేయువాడు. ఆ మహాశాస్త్రజ్ఞుడు గూడ బాల్యమున పాస్టెలుతో చిత్రములు వ్రాసినవాడే. పదుమూడేండ్ల ప్రాయమున అతడు వ్రాసిన తన తల్లి చిత్రము నేటికిని నిలిచియున్నది. తోలుపని చేయువారి యిండ్లనుండి యిట్టి చూపు గల బిడ్డ లిరువురు ఒకే యూర బుట్టుట గమనింపదగినది. చూపు కులవృత్తులను, కలిమిలేములను చూచి పుట్టదు.

బుస్సీ పారిసునకు బోయి గుస్టావ్ మొరో యను నాచార్యుని శిష్యు డయ్యెను. ఆ గురువు తన శిష్యులను పూర్వుల చిత్రములను చూచి వ్రాయు డని ప్రదర్శనశాలకు బంపుచు, దానితో తనివి చెందక వీథులలోనికి బోయి సజీవలోకమును చూడుడని గూడ బోధించెడివాడు. తన త్రోవనే నడువుమని యెవనిని నిర్బంధింపలేదు. అట్టి గురువునొద్ద బుస్సీకి సహాధ్యాయిగా నుండినవాడు హెన్రీ మతీస్. పిమ్మట ప్రపంచమంతట పేరుగాంచిన మతీస్ ఇతడే. 1898లో గురువు మరణించినను ఈ మిత్రుల స్నేహము చిరకాలము నిలిచినది.

1903వ సంవత్సరమున బుస్సీ డొరొతీ స్ట్రేచీ యను ఇంగ్లీషు విదుషిని వివాహమాడెను. ఆమె వరునికంటె నైదేండ్లు పెద్ద. ఈ సంబంధము మన దేశమునకు గూడ నొక విధమున జేరువైనది. ఆమె తండ్రి సర్ రిచర్డ్ స్ట్రేచీ హిందూదేశమున చిరకాలము ఉద్యోగము చేసినవాడు. 1876 మొదలు 1878 వఱకు మన దక్షిణదేశమును దహించిన ధాతకరువును మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. బళ్లారి, కడప, కర్నూలు మండలములు దానిచే నెంత నలిగినవో మీరు వినియుందురు. ఆ కరువు పిమ్మట 1878లో సర్కారువారు నియమించిన క్షామవిచారణ సంఘమునకు అధ్యక్షుడు ఈ స్ట్రేచీయే. ఆ సంఘము 1880లో సమర్పించిన నివేదికయే తరువాతి క్షామనిబంధనలకు మూలాధారమైనది. అంతటి యధికారి యింటికి చెప్పులు కుట్టువారి బిడ్డ, అందును చిత్రములు వ్రాసికొని బ్రతుకువాడు, అల్లు డగుట ఆ కాలమున సామాన్యము కాదు.

ఆ దంపతులు ఫ్రాన్సు దక్షిణతీరమున, కొండవాలున సముద్రమునకు ఎదురుగా నున్న రోక్‌బ్రూన్ గ్రామమున నొక యింట కాపురముండిరి. 1906లో వారికి నొక కూతురు గలిగెను; ఆమెయు చిత్రలేఖనమే యభ్యసించెను. భార్య గ్రంథరచన, భాషాంతరీకరణము చేయుచుండెను. ఆంద్రె జీద్ అను ఫ్రెంచి రచయిత గ్రంథములు కొన్నింటిని ఆంగ్లమున జెప్పిన దీమెయే. బుస్సీ మొదట పాస్టెలుతో మనుష్యుల ముఖములను, కొండలను, తోటలను వ్రాసెను. తన బావమఱది, ప్రసిద్ధ చరిత్రరచయిత యైన లిట్టన్ స్ట్రేచీ చిత్రమును 1904లో పాస్టెలుతోనే వ్రాసెను.

1912 ప్రాంతమున నితని చూపు ప్రాణికోటివైపు మరలెను. లండను నగరమునకు బోయినపుడెల్ల అచ్చటి జంతుప్రదర్శనశాల యితనికి కార్యాలయ మయ్యెను. ఆ శాల 1828లో ఏర్పడినది; సామాన్య జనులకు 1847నుండి ప్రవేశము గలిగినది. 1849లో పాములకు, మొసళ్లకు నొక గృహమును, 1853లో చేపలకు గాజుతొట్ల గృహమును అచ్చట నిర్మించిరి. ఇట్టివి లోకమున నవియే మొదటివి. ఈ గృహములు లేనిచో బుస్సీ చిత్రములు లేవు. ఏల యనిన, చచ్చిన చేపకు రంగు నిలువదు. నీటిలో వెండివలె, నీలమణివలె మెఱసినది గట్టున బడిన కొంత సేపటికే బూడిదరంగు దాల్చుట మన బెస్తవారెల్లర కెఱుకయే. చచ్చిన ఊసరవెల్లిలో ఊసరవెల్లితన మేమి మిగులును? కావున ప్రాణమున్న దానినే, ప్రాణమున్న చోటనే చూడవలెను.

చూచుట యన మన మనుకొనునంత సులభము కాదు. చిలుక నిలుచును, ఇంతలో తల త్రిప్పును. చేప యెదుటికి వచ్చును. గీత సగము పడకముందే వెనుకకు మరలును. ఒక్క బల్లియు పామును మాత్రము గడియలకొలది కదలక చిత్రకారుని కనికరించును. కదలుదానిని వెంబడించి ప్రయోజనము లేదు. అది మఱల నా భంగిమకు వచ్చువఱకు కాచుకొనవలెను. వచ్చినపుడు అంతకుముందు విడిచిన గీతను పూరింపవలెను. ఇట్లు జంతువు ఎదుట కూర్చుండి చేసిన చిన్న చిన్న పాస్టెలు చిత్రములను ఇంటికి గొనిపోయి, వాని యాధారముతో బుస్సీ పెద్ద చిత్రములను గూడ వ్రాసెడివాడు. అతని గీత స్పష్టము. ఈక మీది ఈక, పొలుసు మీది పొలుసు లెక్కబెట్టినట్లుండును. వెనుక నడవి యని, కొండ యని ఆడంబరము లేదు. ఒక్క రంగు నేల, ఒక కొమ్మయో యాకో. దాని నడుమ ఆ ప్రాణి యొక్కటియే, కొలువుదీరిన రాజువలె కూర్చుండును.

మృగపక్షులను ఓర్పుతో చూచి చిత్రించు సంప్రదాయము మనకు క్రొత్త కాదు. జహంగీరు పాదుషా కొలువున ఉస్తాద్ మన్సూరు అను చిత్రకారు డుండెను. దూరదేశములనుండి పాదుషాకు కానుకగా వచ్చిన సీమకోడిని, చారలగుఱ్ఱమును అతడు చిత్రించిన చిత్రములు నేటికిని లోకమున మన్ననలందుచున్నవి. పాదుషా అతనికి తన కాలమున సాటిలేనివా డను నర్థముగల బిరుదు నొసగెను. అంతకు బూర్వమే విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రమున మార్కండేయుడు వజ్రునకు చిత్రవిద్య నుపదేశించుచు, నిద్రించువానిని చైతన్యము గలవానిగను, మరణించినవానిని చైతన్యము లేనివానిగను వేఱుగా జూపగలవాడే చిత్రవేత్త యని తాత్పర్యముగా జెప్పియున్నాడు. బల్లి కదలక యుండును. రాయియు కదలక యుండును. ఆ రెండు నిశ్చలతల నడుమ గల భేదమును సుద్దపొడితో జూపుటయే బుస్సీ జీవితమంతయు జేసిన సాధన.

మీలో నొకరు ప్రశ్నింపవచ్చును: "బోనులో బెట్టిన ప్రాణిని చూచి వ్రాయుట పుణ్యమా?" ఈ ప్రశ్న న్యాయమైనది. వనమున దిరుగవలసిన దానిని కటకటాల నుంచుట దానికి సుఖము కాదు. దీనిని మఱుగుపఱచి చెప్పుట తగదు. బోనును కట్టినవాడు చిత్రకారుడు కాడు; కాని బోనువలన లాభపడినవాడు. ఆ ఋణమును అత డొక్క విధముగా దీర్చెనని నాకు దోచును. బోను బయట నిలిచి వేడుక చూచి శనగలు విసరి పోవువారు వేలకొలది. ఆ ప్రాణి యెదుట పూటలకొద్ది మౌనముగ కూర్చుండి, ఇది యెట్టిదో తెలిసికొందునని తపించువాడు ఏ యొక్కడో. అతని చిత్రములలో ఆ ప్రాణి వినోదవస్తువు కాదు. దానికొక గౌరవము గలదు.

మన సంగతి కొంచె మాలోచింపుడు. బల్లి మీద బడినచో ఏ యవయవమునకు ఏ ఫలమని పంచాంగము విప్పుదుము. బల్లిని మాత్రము చూడము. విజయదశమినాడు పాలపిట్ట దర్శనమునకై యూరి బయటకు బోదుము; దాని ఱెక్కలలో నెన్ని నీలములు గలవని మనుమ డడిగినచో తడబడుదుము. శకునమునకై చూచుట వేఱు, దానికొఱకై దానిని చూచుట వేఱు. ఈ రెండవ చూపునే బుస్సీ యభ్యసించెను.

దీనికి లోకము అతని కేమి యిచ్చినది? 1927లో అతని జంతుచిత్రములు ఫ్రాన్సిస్ ద మియోమాండ్రు వచనముతో గూడి ప్రాణిగ్రంథ మను నర్థముగల పేరుతో పుస్తకముగ వెలువడినవి. మెచ్చినవారు మెచ్చిరి. కాని యతని కాలము పెద్ద పెద్ద చిత్రములకును, క్రొత్త క్రొత్త వాదములకును మురిసిన కాలము. మతీస్ కీర్తి ఖండాంతరముల బ్రాకెను. బుస్సీ పేరు చెప్పవలసినపుడు మతీస్ స్నేహితు డనియో, ఫలాని రచయిత్రి భర్త యనియో చెప్పుకొనసాగిరి. ఇంటికి వచ్చు నతిథులలో జీద్, వలేరీ వంటి మహారచయితలుండిరి. ఆ సందడి నడుమ గృహస్థు మౌనముగ చేపపొలుసులు దిద్దుచుండెను. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది, పోయినది. 1954వ సంవత్సరమున, ఎనుబదినాలుగవ యేట, లండను నగరమున నతడు గతించెను. 1996లో ఫ్రాన్సుదేశమున బోవే పట్టణపు ప్రదర్శనశాలవారు అతని చిత్రములను సమకూర్చి ప్రదర్శించిరి. అంతకు నలువది యేండ్లకు పైగా ఆ సుద్దపొడి అద్దముల వెనుక చెక్కు చెదరక వేచియుండెను.

ఇక నా సిగ్గు సంగతి చెప్పెదను. నేను బడిపంతులుగా నున్న దినములలో నొకనాడు మధ్యాహ్న భోజనానంతరము తరగతికి వచ్చునప్పటికి నల్లబల్లనిండ నొక యెద్దు నిలిచియుండెను. పదునొకండేండ్ల పాలేరు కొడుకు దానిని వ్రాసినాడు. అది యేదో యొక యెద్దు కాదు. ఎడమకొమ్ము కొన విఱిగియున్నది. మెడమీద కాడి రాపిడి పుండు మానిన మచ్చ యున్నది. కుడి వెనుకకాలు మీది బరువు కొంచెము తీసి నిలిచినది. మా వీథి చివర బండివాని యెద్దని నేను చూడగనే గుర్తించితిని. గుర్తించియు, "ఇది బడియా, పసుల దొడ్డియా?" యని గద్దించి, తడిగుడ్డతో దానిని తుడిచివేసి సవర్ణదీర్ఘసంధి పాఠ మారంభించితిని. ఆ బాలు డేడ్వలేదు. తుడిచిన చోటినే చూచుచు కూర్చుండెను. వాడు మరల బల్లమీద బొమ్మ వ్రాసినట్లు నాకు జ్ఞప్తి లేదు. మఱుసటి యేట బడి మాని పొలముపనికి బోయెను.

వాడు చిత్రకారు డయ్యెడివాడని నే ననుటలేదు. అది దైవమున కెఱుక. నేను జెప్పున దింతే: ఆ యెద్దును ప్రతిదినము నేనును చూచితిని, కాని దాని కాలినొప్పిని వాడు చూపువఱకు నే నెఱుగను. ఎఱిగించినవానిని గద్దించితిని. సుద్దతో వ్రాసినది తుడుచుటకు నొక్క నిమిషము చాలును. అంతటి చూపు మరల గలుగుటకు ఒక తరము పట్టవచ్చును.

మీ యింట మనుమడో మనుమరాలో పసులకొట్టమున లేగదూడ యెదుట చదువు మఱచి కూర్చుండినచో, తెచ్చిన నీళ్లకడవను పెరటిలో దింపి కప్పను చూచుచు నిలిచినచో, వెంటనే కేకవేయకుడు. ఏమి చూచితివని యడుగుడు. బొగ్గుతో గోడమీద గీసినచో, సున్నము వేయుటకు ముందు ఒకమాఱు మీరును దానియెదుట నిలిచి చూడుడు. నేనట్లు నిలువనైతిని.